‘బుద్ధిమంతురాలు’ ఎవరికి కావాలి?

తెలుగులో ‘బుద్ధి’ అన్న మాటకు జరిగినంత అన్యాయం ఇంకే మాటకూ జరగలేదేమో. సంస్కృతం నుంచి వచ్చేటప్పుడు దానికి తెలివి, వివేచన, మంచిచెడ్డలు తేల్చుకోగల శక్తి అన్న అర్థాలుండేవి. మన ఇళ్ళల్లోకి, బళ్ళల్లోకి వచ్చేసరికి అది ‘బుద్ధిగా కూర్చో’ అయింది. ‘నీకు బుద్ధి చెప్తానుండు’ అంటే తంతాననే అర్థం. ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి మిగిలిన ఆ కాస్త తెలివి కూడా ఆవిరైపోయింది. తలొంచుకుని, నోరు మూసుకుని, చెప్పిన పని చెప్పినట్టు చేయడం ఒక్కటే మిగిలింది. ప్రోగ్రెస్ కార్డులో టీచరు ‘బుద్ధిమంతురాలు’ అని రాస్తే తల్లిదండ్రులు మురిసిపోతారు. ఆ పిల్లకి భిన్నాలు కూడటం వచ్చో రాదో, ఒక పేరా చదివి అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పగలదో లేదో మాత్రం ఆ మాటలో ఎక్కడా లేదు.

విద్యార్థి నైపుణ్యం గురించి రాయాల్సిన చోట స్వభావం గురించి రాయడాన్ని మనం మర్యాద అనుకుంటున్నాం. నేను దాన్ని అన్యాయం అంటున్నాను. రాయవలసిన సంగతి రాయకుండా దాటేసే ఈ పద్ధతి అందరు పిల్లలకూ నష్టమే. కానీ నష్టం సమానంగా పంపిణీ కావడం లేదు. ఆడపిల్లలకి ఎక్కువ, దళిత, ఆదివాసీ పిల్లలకి ఎక్కువ, బడి భాష కంటే ఇంటి భాష వేరుగా ఉన్న పిల్లలకి ఎక్కువ. అందుకే వ్యాఖ్యలో వాడే పదం ఎంపికని నేను శైలికి సంబంధించిన విషయంగా చూడలేను. అది న్యాయానికి సంబంధించిన విషయం.

ఇరవై ఏళ్ళకు పైగా డిగ్రీ, పీజీ తరగతులకు తెలుగు చెప్తున్నాను. బీఎడ్ విద్యార్థుల టీచింగ్ ప్రాక్టీసు రికార్డులు చూడటానికి పిలిస్తే బళ్ళకీ వెళ్తుంటాను. వెళ్ళిన చోటల్లా టీచర్లు పిల్లల గురించి రాసిన వ్యాఖ్యలు అడిగి చదవడం నాకు అలవాటు. మగపిల్లల గురించి మళ్ళీ మళ్ళీ కనిపించే మాటలివి: ‘తెలివైనవాడు, శ్రద్ధ పెడితే ఫస్టు వస్తాడు.’ ‘అల్లరి ఎక్కువ, కానీ లెక్కల్లో చురుకు.’ ‘నిర్లక్ష్యం వల్ల మార్కులు పోగొట్టుకుంటున్నాడు.’ ఆడపిల్లల గురించి: ‘అణకువ గల పిల్ల.’ ‘చేతిరాత ముత్యాల్లా ఉంటుంది.’ ‘కష్టపడి చదువుతుంది.’ ‘హోంవర్కు ఎప్పుడూ మానదు.’ ఇక కాస్త చురుకైన పిల్లయితే, ‘మాటలు తగ్గించుకోవాలి.’

ఈ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మగపిల్లవాడికి తెలివి ఉందన్నది ముందే ఒప్పేసుకున్న విషయం. మార్కులు తగ్గితే అది అశ్రద్ధ, అల్లరి, వయసు. రేపు మారిపోతుంది. ఆడపిల్లకి మార్కులు వస్తే అది కష్టం, ఓపిక, క్రమశిక్షణ. తెలివి ఊసే లేదు. ఆమెకి మార్కులు తగ్గితే ఇక చెప్పడానికి ఏ సాకూ మిగలదు. కష్టపడినా రాలేదంటే శక్తి లేనట్టే కదా! అంటే మగపిల్లవాడి వైఫల్యం తాత్కాలికం, ఆడపిల్ల విజయం తాత్కాలికం. ఇంత పెద్ద సిద్ధాంతాన్ని మన టీచర్లు ఏ పుస్తకమూ చదవకుండానే ఒక్క గీత మీద రాసేస్తున్నారు.

తెలుగులో రాసే వ్యాఖ్యలో లింగం దాగదు. ‘రాశాడు’ అన్నా ‘రాసింది’ అన్నా క్రియే పట్టిచ్చేస్తుంది. ఏకవచనంలో ఆడదానికీ, ఆవుకీ, అలమారకీ ఒకే క్రియారూపం కావడం మన వ్యాకరణంలోని తమాషా. ఆ ‘వచ్చింది’ని మార్చడం ఇప్పుడు మన చేతిలో లేదు గానీ, దాన్ని ఒక పరీక్షగా వాడుకోవచ్చు. ఆడపిల్ల గురించి రాసిన వ్యాఖ్యలో క్రియలన్నీ మార్చి చదవండి. ‘అణకువ గలవాడు. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. హోంవర్కు ఎప్పుడూ మానడు.’ తొమ్మిదో తరగతి పిల్లవాడి తండ్రి ఈ కార్డు అందుకుంటే ఏమడుగుతాడు? ‘అదంతా సరేనండీ, చదువెలా ఉంది?’ అంటాడు. ఆడపిల్ల తండ్రి ఆ ప్రశ్న వేయడం లేదంటే, వేయనవసరం లేదని మనమే ఆయనకి నేర్పాం.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బని అనుకోనక్కర్లేదు. కారొల్ డ్వెక్, ఆమె సహచరులు 1978లో అమెరికా తరగతి గదుల్లో టీచర్లు పిల్లలతో అన్న మాటల్ని గమనించి ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మగపిల్లల పనిని మెచ్చుకున్నప్పుడు ఆ మెచ్చుకోలు దాదాపుగా ఆలోచనకే దక్కింది. ఆడపిల్లల విషయంలో అందులో కొంత భాగం పొందికకీ, శుభ్రతకీ పోయింది. విమర్శ దగ్గరికి వచ్చేసరికి ఇది తిరగబడింది. మగపిల్లల్ని తిట్టింది ఎక్కువగా అల్లరికీ, అశ్రద్ధకీ. ఆడపిల్లల పనిలో ఎత్తిచూపినవి ఎక్కువగా ఆలోచనలో లోపాలు. తెలివికి మెప్పు తక్కువ దక్కిందీ, తెలివిలో లోపం అంటగట్టబడిందీ ఒకే పిల్లకి. 2003లో ఫ్రాన్సిస్ ట్రిక్స్, కరొలిన్ సెంకా ఒక అమెరికన్ వైద్య కళాశాలలో అధ్యాపక ఉద్యోగాలకు వచ్చిన మూడువందలకు పైగా సిఫారసు లేఖల్ని పరిశీలించారు. ఆడవాళ్ళ గురించి రాసినవి సగటున పొట్టిగా ఉన్నాయి, అనుమానం రేకెత్తించే వాక్యాలు వాటిలోనే ఎక్కువ. మగవాళ్ళ లేఖల్లో పరిశోధన గురించి, ఆడవాళ్ళ లేఖల్లో బోధన గురించి మాటలు ఎక్కువ. లేఖలు రాసినవాళ్ళంతా వాళ్ళ మేలు కోరి రాసినవాళ్ళే!

మేలు కోరి రాసిన లేఖ ఎలా ఉంటుందో నేనూ చూశాను. ఒక ఏడాది పరిశోధన ప్రవేశాల ఇంటర్వ్యూ కమిటీలో ఉన్నాను. ఒకే అధ్యాపకుడు తన ఇద్దరు విద్యార్థులకి రాసిచ్చిన లేఖలు మా ముందున్నాయి. అబ్బాయి గురించి: ‘జానపద గేయాల మీద క్షేత్రపర్యటన చేశాడు. సేకరించిన పాటల్ని సందర్భాన్ని బట్టి వర్గీకరించాడు. సైద్ధాంతిక అవగాహన ఉంది.’ అమ్మాయి గురించి: ‘వినయశీలి. పెద్దలంటే గౌరవం. అప్పగించిన పని సకాలంలో పూర్తి చేస్తుంది. మంచి కుటుంబం నుంచి వచ్చింది.’ ఆ అమ్మాయి ఎమ్మే లఘుపరిశోధన బీడీలు చుట్టే ఆడవాళ్ళ పాటల మీద. పాడినవాళ్ళ ఊరు, వయసు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న వివరాలతో సహా సేకరించింది. పాట మధ్యలో పని ఆగిన చోట లయ ఎలా మారుతుందో రాసుకుంది. ఈ సంగతులన్నీ మేము అడిగితే తెలిశాయి, లేఖలో ఒక్కటీ లేదు. ‘అమ్మాయి మంచిదే, పరిశోధనకి తట్టుకుంటుందా?’ అన్నాడు కమిటీలో ఒకాయన. ఆ ప్రశ్న ఆయన బుర్రలో పుట్టింది కాదు, ఆ లేఖలో పుట్టింది. నా అభ్యంతరం రాయించాను. ఆ ఏడు సీటు మాత్రం ఆమెకి రాలేదు.

ఒక కాగితం మీది మాట ఇంటికి చేరాక ఏమవుతుందో ఆలోచించండి. పదో తరగతి అయ్యాక ఎవరిని ఎక్కడ చేర్పించాలన్న లెక్క ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. డబ్బు ఒక్కరికే సరిపోయే ఇళ్ళలో ఆ లెక్క మరీ కచ్చితంగా ఉంటుంది. ‘తెలివైనవాడే గానీ చదవడు’ అనిపించుకున్న కొడుకుని పట్నంలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేస్తారు, అక్కడ కూర్చోబెట్టి చదివిస్తారని. ‘కష్టపడుతుంది పాపం’ అనిపించుకున్న కూతుర్ని దగ్గర్లో ఉన్న కాలేజీలో, దొరికిన గ్రూపులో చేరుస్తారు. లక్షల ఫీజు తెలివి మీద పెట్టే పెట్టుబడి, కష్టపడటానికి ఎక్కడైతేనేం! ఆ పిల్లకి లెక్కల్లో ఏం వచ్చో స్పష్టంగా రాసిన వాక్యం ఒక్కటైనా ఆ ఇంట్లో ఉండి ఉంటే, తల్లి దాన్ని పట్టుకుని కనీసం ఒకసారి వాదించేది. మనం ఆమె చేతికి ఏ ఆధారమూ ఇవ్వలేదు. పైగా కార్డు మీది వ్యాఖ్య ఇంగ్లీషులో ఉంటే ఆ తల్లికి అదీ అందదు. ‘ఒబీడియంట్ అంటే ఏందే?’ అని కూతుర్నే అడగాలి. చెప్పిన మాట వింటుందని నా గురించి రాశారమ్మా అని ఆ పిల్లే తన తీర్పుని తల్లికి చదివి వినిపించాలి.

అస్పష్టమైన మాట ఒట్టి ఖాళీగా ఉండదు. చదివేవాళ్ళ దురభిప్రాయాలు వచ్చి ఆ ఖాళీలో చేరతాయి. నా సబ్జెక్టు నుంచే ఒక ఉదాహరణ చెప్తాను. ‘అక్షరదోషాలు ఎక్కువ’ అన్నది తెలుగు టీచర్ల అభిమాన వ్యాఖ్య. ఒక విద్యార్థి వ్యాసంలో ముప్పై చోట్ల ఎర్ర సున్నాలున్నాయనుకుందాం. కూర్చుని లెక్కపెడితే తేలేదేమిటంటే తప్పు పోయిన మాటలు మూడే: ‘బాధ’ని ‘భాద’ అని, ‘విద్యార్థి’ని ‘విధ్యార్థి’ అని, ‘అర్థం’ని ‘అర్ధం’ అని ప్రతిసారీ రాశాడు. మొదటి రెండింటి వెనకా ఉన్నది ఒకటే సంగతి. మనలో చాలామంది మాటల్లో ఒత్తక్షరాన్ని ఒత్తి పలకరు. పుస్తకాలున్న ఇళ్ళ పిల్లలు కంటితో చూసి నేర్చుకుంటారు. లేని ఇళ్ళ పిల్లలకి ఆ మాటలో ఎక్కడో ఒక ఒత్తు ఉందని తెలుసు, ఎక్కడుందో తెలియదు. ఇది గంట సేపు శ్రద్ధగా చెప్తే నేర్చుకునే విషయం. ‘అక్షరదోషాలు ఎక్కువ’ అని రాసేసరికి అది జబ్బయి కూర్చుంటుంది. మరుసటేడు ‘భాష మీద పట్టు లేదు’ అవుతుంది. ఆ తర్వాతేడు స్టాఫ్ రూములో ‘ఈ పిల్లలకి ఇంట్లో వాతావరణం ఉండదండీ’ అవుతుంది. ‘ఈ పిల్లలు’ అంటే ఎవరో ఎవరూ పైకి చెప్పరు. ఒత్తు దగ్గర మొదలైన మాట కులం దగ్గర ఆగుతుంది.

యాస విషయం కూడా ఇంతే. తన నాయనమ్మ గురించి రాసిన వ్యాసంలో ఒక అమ్మాయి ‘తాత పొద్దుగాల్నే పొలం పోయిండు’ అని నాయనమ్మ నోట పలికించింది. ‘గ్రామ్యం’ అని పక్కన ఎర్ర సిరా. దిద్దిన మనిషి చూడని విషయం ఏమిటంటే, ఆ పిల్ల కథనమంతా ప్రామాణిక భాషలోనే రాసింది. సంభాషణని మాత్రమే మాట్లాడినట్టుగా రాసింది. కథలు రాసేవాళ్ళకి ఏళ్ళ తరబడి పట్టే పని అది. ఆ వ్యాసం కింద రాయాల్సిన వాక్యం ఇలా ఉండాలి: ‘కథనానికి ఒక భాష, సంభాషణకి ఒక భాష వాడావు. అది బాగా కుదిరింది. మూడో పేరాలో మాత్రం నువ్వు చెప్తున్న మాటల్లోకి నాయనమ్మ భాష వచ్చేసింది. అది కావాలని చేసిందో లేదో చూసుకో.’ ‘గ్రామ్యం’ అన్న ఒక్క మాట రాయడానికీ, దీనికీ ఉన్న తేడా నాలుగు వాక్యాల తేడాలా కనిపిస్తుంది. ఆ అమ్మాయి మళ్ళీ కలం పడుతుందా లేదా అన్నది ఆ తేడాలోనే ఉంది.

రచయిత్రులైన మీకు ఈ ఎర్ర సిరా కొత్త కాదు. మన సాహిత్య విమర్శే ఒక పెద్ద ప్రోగ్రెస్ కార్డు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ‘రాధికాసాంత్వనం’ రాసిన ముద్దుపళనికి కందుకూరి వీరేశలింగం ‘ఆంధ్రకవుల చరిత్ర’లో ఇచ్చిన మార్కులు గుర్తు చేసుకోండి. ఆమె పాండిత్యాన్ని ఆయన కాదనలేదు. కానీ ఆ కావ్యంలో ఆడవాళ్ళు వినకూడనివి, ఆడదాని నోట రాకూడనివి ఉన్నాయని తీర్పు చెప్పాడు. కవయిత్రి నైపుణ్యం గురించి మొదలైన వ్యాఖ్య ఆమె శీలం మీద తేలింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రచురిస్తూ వేసిన ప్రశ్న ఇవాళ్టికీ మనకి పాఠమే. శృంగారం రాసిన మగకవులకి లేని సిగ్గు ఆడదానికే ఎందుకుండాలని ఆమె నిలదీసింది. నేను పైన చెప్పిన పరీక్షని, అంటే క్రియ మార్చి చదివి చూడటాన్ని, నాగరత్నమ్మ వందేళ్ళ కిందటే చేసి చూపించింది. బ్రిటిష్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం తొలగింది 1947లో. శీలం గడిలో రాసిన ఒక వ్యాఖ్య ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

తర్వాత కాలంలో మాటలు మారాయి గానీ గడి మారలేదు. స్త్రీవాద కవిత్వం వచ్చిన కొత్తల్లో దాన్ని ‘నీలి కవిత్వం’ అన్నారు. 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చాక కూడా చర్చ పద్యం కట్టిన తీరు మీదకన్నా రాసిన ఆడవాళ్ళ మర్యాద మీదే ఎక్కువ నడిచింది. తిట్టేవాళ్ళని వదిలేద్దాం, మెచ్చుకునేవాళ్ళు ఏమంటున్నారు? ‘సున్నితమైన భావాలు’, ‘స్త్రీ సహజమైన ఆర్ద్రత’, ‘గుండెని తడిమే కవిత్వం’. ఆ కవిత ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగింది, ఏ పదచిత్రం బలంగా ఉంది, ఏది అరువు తెచ్చుకున్నది, ఒక్కటీ ఉండదు. ‘చేతిరాత ముత్యాల్లా ఉంటుంది’ అన్నదే పెరిగి పెద్దదై ముందుమాట అయింది. విశ్వవిద్యాలయంలో అదే మాట ‘ఎంతో శ్రమకోర్చి సమాచారం సేకరించింది’ అన్న సిద్ధాంతగ్రంథ పరీక్షకుడి నివేదిక అవుతుంది. సమాచారం సేకరించిన చెయ్యి కనిపిస్తుంది, దాన్ని విశ్లేషించిన బుర్ర కనిపించదు.

ప్రభుత్వాలు ఈ విషయాన్ని పట్టించుకోలేదని అనలేం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లల అవగాహననీ, దాన్ని ఉపయోగించగల శక్తినీ నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలంది. అదే ఏడు సీబీఎస్ఈ నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చింది, తెలుగునాట రాష్ట్ర బోర్డు బడుల్లోకీ ఆ తర్వాత వచ్చింది. గ్రేడు పక్కన వర్ణనాత్మకంగా రెండు ముక్కలు రాయమన్నారు. మంచి ఆలోచనే! ఆచరణలో ఏమైంది? నమూనా వాక్యాల పట్టిక టీచర్ల చేతికొచ్చింది. వాటిలోంచి తలా ఒకటి ఎత్తి రాయడం, కంప్యూటర్ వచ్చాక తలా ఒకటి క్లిక్ చేయడం మొదలైంది. నలభై మంది పిల్లలకి ఎనిమిది వాక్యాలు తిరుగుతూ వచ్చాయి. 2017-18 నుంచి సీబీఎస్ఈ ఆ పద్ధతినే వదిలేసింది. ఇప్పుడు 2020 జాతీయ విద్యావిధానం మళ్ళీ సమగ్ర ప్రగతి పత్రం అంటోంది. మార్కులే కాక భావోద్వేగాలు, వైఖరులు కూడా నమోదు చేయాలట. పిల్లలు తమని తాము, తోటివాళ్ళని కూడా అంచనా వేసుకోవాలట.

నా భయం ఇక్కడే. గడులు పెరిగితే న్యాయం పెరుగుతుందని ఎవరు చెప్పారు? ‘సహకారం’, ‘సహానుభూతి’, ‘నాయకత్వం’ అని గడులిచ్చి ఏ పని చూసి నింపాలో చెప్పకపోతే ఆడపిల్లలకి సహకారం, మగపిల్లలకి నాయకత్వం వాటంతటవే వచ్చి పడతాయి. ప్రాజెక్టులో చార్టు రాసి, రంగులు వేసి, గుంపులో అలిగినవాణ్ణి బతిమాలి పని పూర్తి చేయించిన పిల్లది సహకారం. లేచి నిలబడి దాన్ని చదివి వినిపించినవాడిది నాయకత్వం. పని చేయించడం నాయకత్వం కాదా? ‘గుంపులో పని పంచింది, ఆగిపోయిన ఇద్దరి భాగాల్ని పూర్తి చేయించింది’ అని చేసిన పనిని రాసి ఉంటే ఏ గడిలో వేయాలో చదివేవాళ్ళే తేల్చుకునేవారు.

నేనీ మాటలు అన్నప్పుడల్లా వచ్చే అభ్యంతరాలు మూడు. మొదటిది, తీరిక లేదు. నిజమే. అరవై మందితో నిండిన సెక్షన్లు మూడు, ఎన్నికల డ్యూటీలు, సర్వేలు, ఆన్‌లైన్ నమోదులు, ఇంటికెళ్తే వంట. ప్రాథమిక పాఠశాలల్లో ఈ భారమంతా మోస్తున్నది ఎక్కువగా మన ఆడవాళ్ళే. వాళ్ళని తప్పుపట్టడానికి నేనిది రాయడం లేదు. అరవై మందికి ఐదేసి వాక్యాలు రాయమని నిర్బంధించే అధికారుల్ని తప్పుపడుతున్నాను. ఏడాదికి ఒక్కో పిల్లకి రెండు వాక్యాలు చాలు. కానీ ఆ రెండూ ఆ పిల్ల గురించే అయి ఉండాలి, పక్క పిల్ల కార్డు మీద పెడితే అతకకూడదు. దానికి తగ్గట్టు పని తగ్గించమని అడగడం ఉపాధ్యాయ సంఘాల ఎజెండాలో ఉండాలి. పైగా మార్కు పక్కన రాసిన వ్యాఖ్య చాలావరకు వృథా. రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్ పిల్లలతో చేసిన ప్రయోగంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు. మార్కుతో పాటు వ్యాఖ్య అందుకున్నవాళ్ళు మార్కు మాత్రమే అందుకున్నవాళ్ళలాగే ఉండిపోయారు. మార్కు కనపడ్డాక కళ్ళు కిందికి దిగవు. అన్ని పేపర్ల మీదా రాయడం మానేసి, మార్కు వేయని రెండు పేపర్ల మీద జాగ్రత్తగా రాస్తే తీరికా కలిసొస్తుంది, ఫలితమూ ఉంటుంది.

రెండోది, కచ్చితంగా రాస్తే పిల్లల మనసు నొచ్చుకుంటుందని. ఈ జాలి నాకు అర్థం కాదు. ‘లెక్కల్లో ఇంకా మెరుగుపడాలి’ అంటే ఆ పిల్లకి అర్థమయ్యేది ‘నాకు లెక్కలు రావు’ అని. ‘కూడికలు, తీసివేతలు తప్పు లేకుండా చేస్తుంది. భిన్నాల్లో హారాలు వేరైనప్పుడు మాత్రం రెండు హారాల్నీ కూడేస్తోంది’ అంటే అర్థమయ్యేది ‘నాకు ఫలానాది వచ్చు, ఫలానాది నేర్చుకోవాలి’ అని. ఏది ఎక్కువ నొప్పి? మెత్తటి మాట రాసేవాళ్ళకి సుఖం. తప్పెక్కడుందో వెతికే శ్రమ వాళ్ళకి తప్పుతుంది.

మూడోది, శ్రమని మెచ్చుకోవాలని ఈమధ్య మనస్తత్వ శాస్త్రవేత్తలే చెప్తున్నారు కదా అని. 1998లో క్లాడియా ముల్లర్, డ్వెక్ ప్రచురించిన ప్రయోగాల్లో తెలివిని మెచ్చుకున్న పిల్లలు తర్వాత కష్టమైన పనికి జంకారు, ప్రయత్నాన్ని మెచ్చుకున్నవాళ్ళు నిలబడ్డారు. ఆ మాట నిజమే. అయితే మన కార్డుల మీది ‘కష్టపడుతుంది’ ఆ మెచ్చుకోలు కాదు. ‘తెలివైనవాడు’ అన్న మాట పక్క పిల్లవాడికి దక్కుతున్నంత కాలం ‘కష్టపడుతుంది’ అన్నది తెలివి లేదనడానికి మర్యాదైన పేరు. శ్రమని మెచ్చుకోవాలంటే ఇద్దరి శ్రమనీ మెచ్చుకోండి. ఏ శ్రమో కూడా చెప్పండి. ‘మొదటి చిత్తుప్రతిలో వాదన ముగింపులో ఉంది, రెండోసారి రాసినప్పుడు దాన్ని ముందుకి తెచ్చింది’ అన్నది శ్రమ గురించిన వాక్యం. అందులో తెలివి కూడా కనిపిస్తోంది చూడండి. చేసిన పనిని చేసినట్టు రాస్తే శ్రమనీ తెలివినీ విడదీయాల్సిన అవసరమే రాదు.

అందుకని నా కోరికలు పెద్దవేమీ కావు. విశేషణం రాయబోయే ముందు ఒక క్రియ వెతకండి. ‘మంచి విశ్లేషణా శక్తి’ బదులు ‘రెండు కథల్లోని తల్లి పాత్రల్ని పోల్చి, తేడాకి కారణం చూపించింది’ అనండి. ఏ పాఠంలో, ఏ పనిలో అన్నది చెప్పండి. ‘ఎప్పుడూ’, ‘అసలు’, ‘బొత్తిగా’ అన్న మాటలు కొట్టెయ్యండి. ఏ పిల్లనీ మనం ఎప్పుడూ చూడటం లేదు, వారానికి ఆరు పీరియడ్లు చూస్తున్నాం. ‘సగటు విద్యార్థి’ అన్న మాట అంకెలకి వదిలెయ్యండి, మనిషికి అంటించకండి. ‘ధారాళంగా చదువుతుంది’, ‘చదివింది అర్థం చేసుకుంటుంది’ అన్నవి రెండు వేరు నైపుణ్యాలు. ఒకటి రాసి రెండోది కూడా ఉందనిపించకండి. ప్రవర్తన గురించి చెప్పి తీరాల్సిందే ఉంటే దానికి వేరే చోటుంది. అక్కడ కూడా జరిగింది రాయండి. ‘మాటలు తగ్గించుకోవాలి’ అనే ముందు ఆ పిల్ల తరగతిలో అడిగిన ప్రశ్నలేమిటో గుర్తు తెచ్చుకోండి. మాటలు ఎక్కువైనట్టు అనిపించింది ప్రశ్నలు ఎక్కువైనందుకేమో!

ఇది బడిపంతులమ్మలకి అప్పగించి చేతులు దులుపుకునే పని కాదు. సిఫారసు లేఖలు మనం రాస్తున్నాం, సిద్ధాంతగ్రంథాల నివేదికలు మనం రాస్తున్నాం. కొత్తగా రాస్తున్న అమ్మాయిల పుస్తకాలకి ముందుమాటలూ మనమే రాస్తున్నాం. మన చేతి కిందికి వచ్చిన అమ్మాయి గురించి ‘వినయశీలి’ అని రాసిన ప్రతిసారీ, వినయం లేని మరో అమ్మాయి దరఖాస్తుని మనమే పక్కన పెడుతున్నాం. మన గురించి మన గురువులు ఏం రాసి ఉంటే మనకి పనికొచ్చేదో మనకి తెలుసు. తలొంచుకుంటుందో లేదో లోకం ఎలాగూ గమనిస్తూనే ఉంటుంది, ఆ పని మనం చేయనక్కర్లేదు. ఏం చదివింది, ఏం అర్థం చేసుకుంది, ఏం రాసింది, ఏం రాయలేకపోతోంది, ఇప్పుడు ఏం నేర్చుకోవాలి, అది రాద్దాం.